పెంపుడు పక్షులకు నీళ్లగిన్నె



కోళ్ల దాణాను గురించి, కోళ్ల గూళ్లను గురించి, టీకాలను గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. కాని ఆ కోడి రోజూ మూతి పెట్టే గిన్నెను గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఈనాడు ఆ గిన్నె సంగతి చెప్పుకుందాం. గిన్నెదేముంది, ఇంట్లో పనికిరాని డబ్బా ఏదో ఒకటి పెడితే సరిపోదా అంటారేమో! ఆ పనికిరాని డబ్బాతోనే వస్తున్నది చిక్కంతా.

హైదరాబాదుకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పేటలున్నవి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా పొలాలు, తోటలు. ఇప్పుడు విజయవాడ రోడ్డుకు ఇరువైపులా మేడలు లేచినవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు కూడా ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. అయినా ఇక్కడి కాలనీల్లో తెల్లవారుజామున కోడికూత వినపడుతూనే ఉంటుంది. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చి స్థిరపడినవారు మేడమీదనో, పెరటిలోనో నాలుగు నాటు కోళ్లు పెంచుతారు. కొందరు పావురాలు పెంచుతారు. పిల్లల ముచ్చట కోసం లవ్‌బర్డ్స్ అని పిలుచుకునే చిన్న బడ్జీ పిట్టలను పంజరంలో పెట్టుకుంటారు. ఊరితో రాకపోకలు తెగలేదు గనుక ఊరి వస్తువులు పట్నానికి వస్తాయి, పట్నం వస్తువులు ఊరికి పోతాయి. నేను చెప్పబోయే సంగతి అట్లా ఊరి నుంచి వచ్చిన ఒక వస్తువుతోనే మొదలవుతుంది.

కొత్తపేట వెనక ఒక కాలనీలో ఒక సోదరి మేడమీద పన్నెండు కోడిపిల్లలను పెంచుతున్నది. వారం రోజుల్లో అయిదు పిల్లలు చచ్చిపోయినవి. ముక్కున నీరు, నోట సొంగ, కాళ్లలో వణుకు, తరువాత పడిపోవడం. దాణా మార్చింది, మందు వేసింది, దిష్టి కూడా తీసింది. నేను వెళ్లి చూసేసరికి మిగిలినవి ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాను సగానికి కోసిన తొట్టిలో నీళ్లు తాగుతున్నవి.

“ఈ డబ్బా ఎక్కడిది చెల్లె?” అని అడిగిన.

“మా అన్న పొలం కాడికెల్లి తెచ్చిండన్నా. పురుగుల మందుది. అయితేనేం, సబ్బు పెట్టి మూడుసార్లు కడిగిన” అన్నది.

ఆ డబ్బాను అప్పుడే తీయించి స్టీలు గిన్నె పెట్టించినాను. మిగిలిన ఏడూ దక్కినవి. చచ్చిన పిల్లలకు పశువైద్యుని చేత పరీక్ష చేయించలేదు గనుక కారణం అదేనని ఖాయంగా చెప్పలేను. కాని ఆ లక్షణాలు పురుగుమందు విషానికి తగినట్లే ఉన్నవి. పంటమీద కొట్టే మందుల్లో చాలావాటికి పక్షి శరీరం మనిషి శరీరంకంటే ఎంతో తొందరగా లొంగుతుంది. పైగా అవి నూనెతో కలిసిన మందులు, ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి. పైన కడిగితే పైన ఉన్నది పోతుంది. లోపల ఇంకినది రోజూ కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో చేసిన నియమాలు కూడా ఖాళీ డబ్బాలను మళ్లీ వాడుకోరాదనే చెబుతున్నవి. కనుక మొదటి మాట ఇది: పురుగుమందు, ఫినాయిలు, ఆసిడ్, రంగులు, ఇంజన్ ఆయిలు — వీటిలో ఏది పోసిన డబ్బా అయినా పక్షి నీళ్లకు పనికిరాదు. ఎన్నిసార్లు కడిగినా సరే పనికిరాదు. పొలంలో ఖాళీ అయిన డబ్బాను అక్కడే పొడిచి చిల్లులు చేస్తే ఇంటికి తేవాలన్న ఆశే ఉండదు.

ఇక గిన్నె దేనితో చేసినది మంచిది? ఒక్కొక్కటే చూద్దాం.

అన్నింటిలో మేలైనది స్టీలు గిన్నె. తుప్పు పట్టదు, గీతలు పడవు, పక్షి ముక్కుతో పొడిచినా ఊడదు, ఎంత తోమినా అరగదు. ధర కొంచెం ఎక్కువైనా ఏళ్ల తరబడి ఉంటుంది. మందపాటి గాజు గిన్నె కూడా మంచిదే. పగులుతుందన్న ఒక్క బాధ తప్ప. తెల్లటి పింగాణీ గిన్నె బరువుగా ఉండి, కోడి అంచుమీద ఎక్కినా బోల్తా పడదు. అయితే బజారులో అమ్మే రంగురంగుల పూల పింగాణీని నమ్మరాదు. పైన పటారం, లోన లొటారం అన్నట్లు, నాసిరకం మెరుగుపూతల్లోను, రంగుల్లోను సీసం ఉండవచ్చు. పూత పెచ్చులూడిన గిన్నెను, జాలరిగా పగుళ్లు వచ్చిన గిన్నెను పక్కకు పెట్టండి.

మట్టి మూకుడు మన పాత నేస్తం. వేసవిలో దానిలో నీళ్లు చల్లగా ఉంటాయి. మట్టికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి; వాటిగుండా నీరు చెమర్చి, గాలికి ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. కాని ఆ రంధ్రాలలోనే పాచి, సూక్ష్మజీవులు కూడా కాపురం పెడతాయి. కాబట్టి మట్టి మూకుడు వాడేవారు రెండు ఉంచుకోవాలి. ఒకటి వాడుకలో ఉంటే రెండవది తోమి, మరిగే నీళ్లు పోసి, ఎండలో ఆరవేయాలి. మర్నాడు మార్చుకోవాలి. బీటలిచ్చినదాన్ని పారేయాలి. అదేమంత ఖరీదు కాదు గదా!

ప్లాస్టిక్ గిన్నెలు తేలిక, చౌక. అన్నం నీళ్లకు వాడదగిన ప్లాస్టిక్ అయితే కోళ్లకు పనికివస్తుంది. కాని పీచుతో తోమేకొద్దీ గీతలు పడతాయి. ఆ గీతల్లో చేరిన మురికి ఎంత తోమినా రాదు. ఎండకు పెళుసెక్కి విరుగుతుంది. గీతలు పడ్డది, రంగు మారినది, వాసన వేసేది తీసేయండి. వంపు ముక్కున్న పిట్టలు ప్లాస్టిక్‌ను కొరికి తునకలు మింగుతాయి, వాటికి స్టీలే మేలు.

ఇప్పుడు రేకు సంగతి. జింకు పూత పూసిన రేకు డబ్బాలు, బకెట్లు మన ఇళ్లలో ఉన్నవే. కోళ్లఫారాల్లో ఇటువంటి రేకు తొట్లు చాలాకాలం వాడినారు. పూత గట్టిగా ఉండి, మామూలు నీళ్లే పోస్తే కోడికి పెద్ద ప్రమాదం లేదు. కాని పూత తెల్లటి పొడిగా రాలుతున్నా, దానిలో మజ్జిగ, నిమ్మరసం, పుల్లని మందులు పోసినా జింకు నీళ్లలోకి కరుగుతుంది. ఇక బడ్జీ వంటి పిట్టలు పూతను ముక్కుతో గీకి మింగుతాయి. ఆ పిట్ట బరువెంత? ముప్పయి, నలభై గ్రాములు. దాని కడుపులోకి పోయిన జింకు పొలుసు చిన్నదే అయినా దానికి పెద్ద విషం. మితిమీరి నీళ్లు తాగడం, ఆకుపచ్చ రెట్ట, నీరసం, వణుకు — ఇవి కనిపిస్తే గిన్నెను, పంజరం తీగను కూడా అనుమానించాలి. కొత్త జింకు తీగ పంజరం కొన్నవారు పిట్టను వదలకముందు తీగను బ్రష్షుతో రుద్ది, కడిగి, తుడిచి ఆరబెట్టడం మంచిది.

ఇత్తడిలో రాగితోపాటు జింకు ఉంటుంది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు పోస్తే చిలుము పడుతుందని మన ఇళ్లల్లో పెద్దలందరికీ తెలుసు. పక్షి నీళ్లలో విటమినులు, మందులు కలుపుతాం గనుక ఆ గిన్నెలు వద్దు. సీసంతో అతికిన పాత డబ్బాలు అసలే వద్దు. మనం సిల్వర్ అని పిలిచే అల్యూమినియం గిన్నెలో మామూలు నీళ్లు పోయవచ్చును. పులుపు, ఉప్పు, బ్లీచింగు తగిలితే గుంటలు పడుతుంది గనుక దాన్ని రెండవ తరగతిగా ఎంచుకోండి.

గిన్నె దేనిదో తెలిసింది. ఎంత లోతు ఉండాలి? అది పక్షి నీళ్లు తాగే తీరును బట్టి ఉంటుంది. కోడిని గమనించండి: ముక్కు ముంచి, తల పైకెత్తి మింగుతుంది. దానికి లోతు అక్కరలేదు. పావురం అట్లా కాదు. ముక్కు ముంచి, తల ఎత్తకుండా పీల్చి తాగుతుంది. కాబట్టి పావురానికి కనీసం అంగుళం లోతు నీరుండాలి. కోడిపిల్లలకు అర అంగుళం మించరాదు. పడితే తడుస్తాయి, తడిస్తే చలి పట్టి చచ్చిపోతాయి. లోతు గిన్నె తప్ప వేరే లేదంటే శుభ్రంగా కడిగిన గులకరాళ్లు వేసి, రాళ్ల సందున నీళ్లు నిలిచేటట్లు చేయండి.

కోళ్లకు బోర్లించిన సీసా తొట్టి మంచి సాధనం. ఇంట్లోనే చేసుకోవచ్చు. మూత ఉన్న శుభ్రమైన డబ్బా ఒకటి, దానికంటే నాలుగు అంగుళాలు వెడల్పయిన పళ్లెం ఒకటి తీసుకోండి. డబ్బా నోటి అంచుకు దగ్గరలో ఒక చిల్లు చేయండి. బోర్లించినప్పుడు ఆ చిల్లు పళ్లెం అంచుకంటే కిందికి ఉండాలి. ఇది ముఖ్యం. డబ్బాలో నీళ్లు నింపి, పళ్లెం మూసి, ఒక్కసారిగా బోర్లించండి. పళ్లెంలో నీరు చిల్లు దాకా లేచి ఆగిపోతుంది. ఏమంటే, చిల్లు మునిగాక లోపలికి గాలి పోదు. గాలి పోకపోతే నీరు దిగదు. కోడి తాగి మట్టం తగ్గితే, కొంచెం గాలి పోయి, కొంచెం నీరు దిగుతుంది. చిల్లు పళ్లెం అంచుకంటే పైకి ఉన్నట్లయితే నీళ్లన్నీ పొర్లిపోతాయి. ఇందులో కోడి కాలు పెట్టలేదు, రెట్ట వేయడం తక్కువ.

గిన్నెను నేలమీద పెట్టరాదు. కోడి వీపు ఎత్తున ఇటుకమీద పెట్టండి. నేలమీద పెడితే గీరిన మట్టి, రెట్ట అందులోనే పడతాయి. పంజరంలో పిట్ట కూర్చునే కొయ్యకు సరిగ్గా కింద గిన్నె పెట్టరాదు. ఎండ పడేచోట అసలే వద్దు.

ఎన్ని నీళ్లు కావాలి? పెద్దకోడి మామూలు రోజుల్లో దాదాపు పావు లీటరు తాగుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో అర లీటరు దాకా పోతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఒగర్చి, ఆ తేమతోనే ఒంటిని చల్లబరచుకుంటుంది. వేసవి మధ్యాహ్నం గిన్నె ఎండిపోతే సాయంత్రానికి కోడి మిగలదు. అందుచేత ఒక గిన్నె బదులు రెండు గిన్నెలు రెండుచోట్ల పెట్టండి. ఒకటి తన్నేసినా మరొకటి ఉంటుంది.

నీళ్ల రకాన్ని గురించి ఒక మాట. ఈ తూర్పు పేటలకు వచ్చే నల్లా నీరు చాలావరకు కృష్ణ నీరు. 2004 నుంచి నాగార్జునసాగర్ నీటిని తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు తెస్తున్నారు. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. ఆ మాత్రం క్లోరిన్ పక్షికి చెరుపు చేయదు, పైగా కాపాడుతుంది. కాని సంపులో, మేడమీది ట్యాంకులో రోజుల తరబడి నిలవ ఉంటే ఆ బలం పోతుంది. నల్లా రాని రోజు బోరు నీళ్లు వాడతాం. మనది నల్లరాతి నేల. బోరు నీళ్లు చాలాచోట్ల చవుడుగా, గట్టిగా ఉంటాయి. గిన్నె గోడకు తెల్లటి పొక్కు కట్టేది అందుకే. ఆ పొక్కు గరుకుగా ఉండి మురికిని పట్టి ఉంచుతుంది. చింతపండు గుజ్జుతోనో, నిమ్మచెక్కతోనో రుద్ది తీసేయండి.

ఇక కడగడం. “రోజూ నీళ్లు మారుస్తనే ఉన్న గదన్నా, గిన్నె ఎందుకు కడగాలె?” అని ఆ సోదరే అడిగింది. “ఒక్కసారి లోపల వేలు పెట్టి రాసి చూడు చెల్లె” అన్నాను. రాసి చూసి, “అవ్వో, జిగటగున్నదే!” అన్నది. ఆ జిగటే అసలు శత్రువు. సూక్ష్మజీవులు గోడకు అంటుకొని తమ చుట్టూ బంకపొర కట్టుకుంటాయి. నీళ్లు ఒంపితే నీళ్లు పోతాయిగాని పొర పోదు. కొత్త నీళ్లు పోసిన కొద్దిసేపటికే మళ్లీ వాటిలోకి దిగుతాయి. నీటిలో దాణా రేణువులు, రెట్ట, విటమిను, బెల్లం కలిస్తే వాటికి విందే. పారుడు, కలరా, పావురాల గొంతులో పుండ్లు, కొక్కెర తెగులు — ఇవన్నీ ఒక గిన్నె దగ్గర ఒకదాని నుంచి మరొకదానికి అంటుకోగలవు.

కడిగే వరుస ఇది.

మొదట పాత నీరు కాలువలో పారబోయండి. కోళ్లు తిరిగే నేలమీద వద్దు. గిన్నెకు ఎండి అంటుకున్న రెట్ట ఉంటే ముందు తడపండి. పొడిగా గీకితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. పిట్టల రెట్ట దుమ్ముతో మనిషికి కూడా జ్వరం, ఊపిరితిత్తుల జబ్బు రావచ్చును.

రెండవది, గిన్నెల సబ్బుతో, కుంచెతో తోమండి. అంచు కిందను, మూలలను, సీసా మెడను, గొట్టంలో గోలీ ఉన్న సీసా అయితే ఆ గోలీ చుట్టూ తోమండి. ఈ కుంచె వేరే ఉండాలి. వంటగిన్నెల పీచు కాదు. కడిగే చోటు కూడా వంటింటి సింకు కారాదు. తరువాత మంచినీళ్లతో జాడించండి. ఇంతవరకు రోజూ చేయవలసిన పని.

మూడవది వారానికి ఒకసారి. అయిదు లీటర్ల నీళ్లలో ఒక చెంచాడు, అంటే సుమారు 5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కలిపి, తేరనిచ్చి, తోమిన గిన్నెలను పది నిమిషాలు ముంచండి. తోమకుండా ముంచితే ప్రయోజనం లేదు. మురికే ఆ క్లోరిన్‌ను తినేస్తుంది. తరువాత వాసన పోయేదాకా జాడించి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మట్టి మూకుడుకు మాత్రం బ్లీచింగు వద్దు, అది ఇంకిపోతుంది. మరిగే నీళ్లే చాలు. పౌడరు డబ్బా మూత గట్టిగా బిగించండి, తేమ తగిలితే బలం పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్లీచింగుతో నిమ్మ, చింతపండు, వెనిగరు, బాత్‌రూం ఆసిడ్ — ఏదీ కలపరాదు. కలిపితే విషవాయువు లేస్తుంది. అది మనిషికే ప్రమాదం. ఊపిరితిత్తులే కాక ఒంటినిండా గాలితిత్తులున్న పక్షికి ప్రాణాంతకం. పొక్కు తీసే రోజు వేరు, బ్లీచింగు రోజు వేరు పెట్టుకోండి.

టీకా రోజు సంగతి విస్తరణ కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. కొక్కెర తెగులుకు నీళ్లలో కలిపి ఇచ్చే టీకాలో ప్రాణమున్న బలహీన క్రిమి ఉంటుంది. నీటిలోగాని, గిన్నెకుగాని క్లోరిన్ మిగిలి ఉంటే ఆ టీకా చచ్చిపోతుంది. కోడి నీళ్లు తాగుతుంది, మనం టీకా ఇచ్చామనుకుంటాం, తెగులు మాత్రం వస్తుంది! ఆ రోజు బ్లీచింగు తగలని ప్లాస్టిక్ గిన్నెలు, క్లోరిన్ లేని నీళ్లు వాడాలి. లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందుగా కలిపితే టీకాకు రక్ష. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ వంటి జాతులను అందించింది. జాతి ఎంత మంచిదైనా టీకా, శుభ్రమైన నీరు లేకపోతే ఫలితం లేదు.

వేసవిలో పిచ్చుకలకు, పావురాలకు మేడమీద నీళ్లు పెట్టే పుణ్యకార్యం మన పేటల్లో పెరిగింది. పెట్టండి. అయితే బయటి పక్షుల గిన్నె వేరు, మన కోళ్ల గిన్నె వేరు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో పక్షిజ్వరం బయటపడి ఎంత నష్టం తెచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. బయటి పక్షి రెట్ట మన కోడి నీళ్లలో పడకూడదు. ఒకేసారి ఎక్కువ పక్షులు చస్తే వాటిని ముట్టుకోకుండా, ఎక్కడా పారేయకుండా పశువైద్యశాఖకు తెలపండి.

ఇంకొక సంగతి దోమ. డెంగీని మోసే దోమ శుభ్రమైన నిలవనీటి గోడకు, నీటి మట్టానికి కొంచెం పైన గుడ్లు అంటిస్తుంది. నీరు ఒంపినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి బతికి, మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి. గోడను రుద్దితేనే పోతాయి. కాబట్టి గిన్నె తోమడం కోడికే కాదు, ఇంట్లో పిల్లలకు కూడా రక్ష.

చివరగా, పంజరపు పక్షుల మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మన రామచిలుకను, మైనాను పట్టి పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటికి గిన్నె మేడమీద పెట్టండి, పంజరంలో కాదు.

చెప్పినదాన్ని మరొకసారి గుర్తు చేస్తాను. మందు డబ్బా ఇంటికి తేవద్దు. స్టీలుగాని, పూతలేని మట్టిగాని వాడండి. రెండు జతలు ఉంచుకొని మార్చి మార్చి వాడండి. రోజూ తోమండి, వారానికోసారి బ్లీచింగులో ముంచండి, ఎండలో ఆరవేయండి. వేసవిలో రోజుకు మూడుసార్లు నీళ్లు మార్చండి. శుభ్రమయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. గిన్నె లోపల వేలు పెట్టి రాయండి. జిగట తగిలితే ఇంకా తోమండి.

ఆ సోదరి కోడిపిల్లలు ఇప్పుడు పెట్టలై గుడ్లు పెడుతున్నవి. వాళ్ల అన్న మాత్రం పొలం దగ్గర ఖాళీ డబ్బాలు ఇంటికి తేవడం మానినాడట. మీ ఊళ్లో కూడా రేపు ఉదయం లేవగానే ఒకసారి కోళ్లగూటి దగ్గరకు వెళ్లి, అవి దేనిలో నీళ్లు తాగుతున్నవో చూడండి. సెలవు.